అంతరిక్షానికి వెళ్లొచ్చిన కవరు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కింది వాటావిడ మెట్లెక్కి వచ్చి, తలుపు కొట్టకుండా గుమ్మంలో నిలబడింది. "అక్కా, సారు లేస్తలేడు," అంది. నేను దిగి చూసేసరికే ఆమె భర్త, మా పోస్ట్‌మాస్టర్ గారు, వెళ్లిపోయారు. నిద్రలోనే. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయారని వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. నన్ను మాత్రం పెట్టే పోయారు. ఎల్‌బీ నగర్‌లో తపాలా ప్రదర్శనకు పదిహేను రోజులే ఉంది. అందులో ఆయన పోగుచేసిన తపాలా కవర్ల ఫ్రేము ఉండాలి. దాన్ని ఉంచాల్సింది నేనే. ఎందుకో చెబుతాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే ఇంట్లో పైన మేము, కింద వాళ్లు, ఇరవై రెండేళ్లు. వాళ్లది నల్లగొండ వైపు పల్లె, మాది తెనాలి దగ్గర. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఆయన పోస్టాఫీసులో ముద్రలు కొట్టి కొట్టి రిటైరయ్యి, ఆ తర్వాత ఇతరులు కొట్టిన ముద్రలు పోగుచేయడం మొదలుపెట్టారు.

రాకెట్ ఎగిరిన రోజున ముద్ర పడ్డ కవర్లు ఆయన దగ్గర బోలెడు. ఒక్క కవరు మాత్రం వేరు. అది ఒక విదేశీ అంతరిక్ష నౌకలో వ్యోమగాములతో పాటు నిజంగానే పైకి వెళ్లి, భూమి చుట్టూ తిరిగి దిగింది. చూడటానికి మామూలు కవరే. దాని మీద రెండు ముద్రలున్నాయి: బయల్దేరిన రోజుది ఒకటి, దిగిన రోజుది ఒకటి. దానికోసం ఒక జర్మనీ పెద్దాయనతో ఆరేళ్లు ఉత్తరాలు నడిపి, తన కవర్లు పదకొండు ఇచ్చి మార్చుకున్నారు.

ఆల్బమ్ తెరవాలంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఫ్యాను ఆపాలి, మే నెలైనా సరే.

"ఉడికిపోతున్నానండీ," అనేదాన్ని.

"కవరు ఎంత వేడి చూసొచ్చిందో ఎరుకేనా టీచరమ్మా? మీరు జర ఓపిక పట్టుండ్రి."

ఇంకోమాట కూడా అంటుండేవారు. "నలభై ఏండ్ల నౌకరీల తిరిగొచ్చిన ఉత్తరం చూస్తే పానం చివుక్కుమనేది. ఎవరికి చేరాల్నో వాళ్లకు చేరలే అని. తిరిగొచ్చినందుకు నేను మురిసిన ఉత్తరం గిదొక్కటే."

రెండేళ్ల కిందట వానాకాలంలో ఆయనకు తుంటి ఎముక విరిగింది. ఆయన దవాఖానలో ఉండగా కింది వాటా గోడకు చెమ్మ దిగింది. "అక్కా, ఆయన పుస్తకం నీ కాడ పెట్టుకో," అని ఆవిడ ఆల్బమ్ నా చేతిలో పెట్టింది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నేను ముప్ఫై ఏళ్లపాటు పదో తరగతి పిల్లలందరికీ ఒకటే చెప్పినదాన్ని: మెమో చేతికి రాగానే ముందు లామినేషన్ చేయించండర్రా, తర్వాతే మిఠాయిలు. మా పేటలో కోచింగ్ సెంటర్ల పుణ్యమా అని పది అడుగులకొక లామినేషన్ షాపు. ఆ ఒక్క కవరు తీసుకుని వెళ్లాను.

షాపాయన దాన్ని తిప్పి చూశాడు. "ఇదేం సర్టిఫికెట్ మేడమ్?"

"నీ పని నువ్వు చూడు నాయనా."

కవరు వేడివేడిగా, అప్పడంలా బయటికి వచ్చింది. ఇక చెమ్మ కాదు గదా వరదొచ్చినా భయం లేదనుకున్నాను.

ఆయన ఇంటికొచ్చిన రోజున కానుకలాగా అందించాను. ఆయన రెండు వైపులా చూశారు. ముద్రల మీది ప్లాస్టిక్‌ను వేలితో తడిమారు. తర్వాత, "రాకెట్ల పోయింది, సముద్రాలు దాటింది, ఏం కాలే. మీ చేతికొచ్చి దొరికిపోయింది టీచరమ్మా," అన్నారు.

అప్పుడు తెలిసింది, లామినేషన్ చేసిన కవరు సేకర్తల లెక్కలో చచ్చినట్టేనని. జిగురు కాగితంలోకి దిగిపోతుందట, మళ్లీ విడదీయలేరట. నేను నలుగురిని అడిగాను, ఒక మ్యూజియానికి ఉత్తరం కూడా రాశాను. ఎలాగైనా విప్పిస్తానన్నాను. "వద్దుండ్రి. ఒకపారి బాగుచేసిన్రు, సాలు," అన్నారాయన.

ఆయన ఆ కవరును దాచిపెట్టలేదు. ఈ ఏటి ప్రదర్శనకు పదహారు పేజీల ఫ్రేము, అంటే వరసగా బోర్డుకు బిగించే పేజీలు, సిద్ధం చేస్తూ, దాన్ని ఐదో పేజీలో పెట్టి, కింద గుండ్రటి అక్షరాలతో రాశారు: "ఈ కవరు అంతరిక్షానికి వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో లామినేషన్ అయింది."

"ఎవరు చేయించారో రాయరేం?" అని అడిగాను.

"పోస్టాఫీసోడు కవరుకు ఏమైందో రాస్తడు. ఎవల వల్లనో రాయడు."

దినాలు అయ్యాక, పదమూడో రోజున, వాళ్లమ్మాయి మీర్‌పేట్ నుంచి ఆటో తెస్తే, ఇద్దరం ఆ పదహారు పేజీలూ ఒళ్లో పెట్టుకుని ఎల్‌బీ నగర్ ఫంక్షన్ హాలుకు వెళ్లాం. నిర్వాహకుడు ఐదో పేజీ దగ్గర ఆగాడు.

"మేడమ్, ఇది పాడైన ఐటమ్. తీసేసి వేరేది పెట్టండి. పాయింట్లు పోతయ్."

"ఆయనకు ఇప్పుడు పాయింట్లెందుకు నాయనా?"

"రూల్స్ ఉంటయ్ గద మేడమ్."

"ఏదీ, చూపించు."

అతను పుస్తకం ఇచ్చాడు. మొదటి పేజీ నుంచి చివరిదాకా నిలబడే చదివాను. అతను రెండుసార్లు కుర్చీ తెచ్చి వేశాడు, కూర్చోలేదు. చిరిగినవాటి గురించి ఉంది, మరకల గురించి ఉంది. లామినేషన్ గురించి ఒక్క ముక్క లేదు. అంత తెలివితక్కువ పని చేసేవాళ్లు ఉంటారని రాసినవాళ్లకు తోచినట్టు లేదు. పుస్తకం మూసి, వద్దని ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాను. అతను పోస్ట్‌మాస్టర్ గారమ్మాయి వైపు చూశాడు. ఆ పిల్ల, "మా నాన్న పెట్టిన వరుస గదే సార్," అంది.

"సరే పెట్టుండ్రి," అన్నాడు.

పెట్టేముందు పెన్ను అడిగి తీసుకున్నాను. ఆయన రాసిన రెండు వాక్యాల కింద మూడోది నేను రాశాను: "చేయించినది పై వాటా టీచరు." పోస్టాఫీసు మర్యాద ఆయనది. తప్పు చేసినవాళ్లు బోర్డు మీద తప్పొప్పుకోవడం మా బడి మర్యాద.

రెండు రోజులకు ప్రదర్శన మొదలై జనం వచ్చారు. హాల్లో ట్యూబ్‌లైట్లన్నీ ఫ్రేముకు ఎదురుగా ఉన్నాయి. తిన్నగా నిలబడితే ఆ ప్లాస్టిక్ మీద తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనబడదు. కవరు కనబడాలంటే మెడ వంచాలి. హెల్మెట్ చంకలో పెట్టుకున్న ఒకాయన వంచాడు. బడిపిల్లలు వరసగా వంచారు. కుర్చీలేసిన నిర్వాహకుడూ వంచాడు. అందరికన్నా ఆఖరున మా కింది వాటావిడ వచ్చింది. కొంగు భుజం మీదికి లాక్కుని, తల వంచి, ఒక పక్కకు ఒరిగి, రెండు ముద్రలూ కంటికి దొరికేదాకా అలాగే నిలబడింది.