కుసుమ పిన్ని వెనక కుర్చీ

పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే మా కుసుమ పిన్ని న్యూజిలాండ్‌లో, మౌంట్ ఆల్బర్ట్ పేటలోని ఇంట్లో కూర్చుని అమెరికా సెనేట్‌ను టైపు చేసేది. అది 2009. అక్కడ కొత్త ప్రభుత్వం వచ్చింది. పెద్ద పదవులకు ఎంపికైనవాళ్లను సెనేటర్లు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలతో కాల్చుకు తినేవారు. ఆ రికార్డింగులు విని ప్రతి మాటా రాసిపెట్టడం పిన్ని ఉద్యోగం. "వీటికంటే మా పెళ్లిచూపులే నయం శ్రావ్యా" అనేది. నేనప్పుడు వాళ్లింట్లో ఉండి చదువుకుంటున్నాను.

ప్రశ్నలు మొదలయ్యే ముందు ఎంత గొప్పవాడైనా వెనక కూర్చున్న భార్యాపిల్లలను పేరుపేరునా పరిచయం చేసేవాడు. అది వచ్చినప్పుడల్లా పిన్ని రికార్డింగును వెనక్కి తిప్పి ఇంకోసారి వినేది.

ఈశ్వరరావు బాబాయి గుంటూరులో కాలువల ఇంజనీరు. ఇక్కడ సూపర్ మార్కెట్లో డబ్బాలు సర్దుతున్నాడు. నాలుగు ఇంటర్వ్యూలు పోయాయి. "మీరేం చేశారు?" అని అడిగితే "మేమంతా కలిసి చేశాం" అనేవాడు. సొంత డబ్బా కొట్టుకోకూడదట! నాకు ఒళ్లు మండేది.

ఐదోది నీటి సరఫరా ఆఫీసులో. తోడుగా ఇంటివాళ్లను తెచ్చుకోవచ్చనీ, వాళ్లూ మాట్లాడవచ్చనీ ఉత్తరంలో రాశారు. అది ఈ దేశపు మూలవాసులైన మావోరీల మర్యాద, ఇక్కడి ఆఫీసుల్లో మామూలే.

"పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఇంటర్వ్యూకా? నవ్విపోతారు" అన్నాడు బాబాయి.

"అంతంత పెద్దోళ్లకే లేని నామోషీ మీకెందుకండీ? నేను నోరు మెదపను. వెనక కూర్చుంటా, అంతే."

వెళ్లారు. పిన్ని పెళ్లినాటి పట్టుచీర కట్టింది. బాబాయి కంగారులో ఆమెను పరిచయం చేయడమే మరిచిపోయాడు. వరదల పని గురించి అడిగితే మళ్లీ పాత పాటే, "మేమంతా" అని. అడిగేవాళ్లలో పెద్దావిడ పిన్ని వైపు తిరిగి, "మీరేమైనా చెబుతారా?" అంది.

ఇచ్చిన మాట గట్టున పెట్టి పిన్ని లేచి నిలబడింది.

"కాలువకు గండి పడితే ఈయన మూడు రోజులు గట్టు దిగలేదు. ఇంటికొచ్చేసరికి పాదాలు నాని, చెప్పులు పట్టలేదు. గండి ఎలా పూడ్చాలో గీసిచ్చింది ఈయనే. ఊరు మునగలేదు. ఈయన చెప్పుకోరు. అందుకే నేను చెబుతున్నాను."

బాబాయి కుర్చీలోంచి లేచి వెనక్కి తిరిగాడు.

"ఈమె నా భార్య కుసుమ. ఈమె లేకపోతే నేను ఇక్కడిదాకా వచ్చేవాణ్ణి కాదు. ముందే చెప్పాల్సింది."

వారం తిరక్కుండానే ఉద్యోగం ఖాయమైంది. నేను మిఠాయి పట్టుకుని వంటింట్లోకి వెళితే పిన్నికి ఆ సంగతే పట్టలేదు. బాబాయిని గుమ్మంలో నిలబెట్టి పప్పుకు తాలింపు వేస్తోంది.

"ఆ రోజు మీరన్నదాన్ని వెనక్కి తిప్పి వినే వీలు లేదుగా" అంది. "ఏదీ, మళ్లీ చెప్పండి."

బాబాయి మళ్లీ చెప్పాడు.