కుంగిన కొలతరాయి

సర్వే ఆఫీసులో ఆమెను అందరూ కొలతలమ్మ అంటారు. పదహారేళ్లుగా తీరం వెంట వీధివీధి ఎత్తూ కొలిచి, ఉప్పెన వస్తే ఎక్కడ ఎంత నీరు నిలుస్తుందో మ్యాపు గీసింది ఆమే. మోకాలు దాటి నీళ్లొచ్చే వీధికి ఎరుపు. తుపానప్పుడు జనాన్ని తరలించే బస్సులు ఎరుపు వీధులకే.

తుపాను మర్నాడు తెల్లారేసరికి తీరం దాటుతుందన్న రోజు పొద్దున, మనసొప్పక, రేవు పక్కనున్న కొలతరాయిని గుట్ట మీది కదలని రాతి గుర్తుతో సరిచూసింది. రేవు రాయి జానెడు కుంగింది. పల్లపు వీధులన్నిటినీ నిరుడు ఆ రాయి నుంచే మళ్లీ కొలిచారు. అంటే మ్యాపులో ఉన్నదానికంటే అవన్నీ జానెడు కిందే ఉన్నాయి. నాలుగు వేళ్ల తేడాతో ఎరుపు తప్పిన వలల వీధికి ఇవాళ బస్సు రాదు.

"అచ్చయిపోయిన మ్యాపమ్మా! మార్చాలంటే పైనుంచి ఆర్డరు రావాలి," అన్నాడు ఆఫీసరు, చెవి దగ్గర ఫోను తీయకుండానే. "అయినా అది మీ పుట్టింటి వీధి కదూ?"

"అవును సార్. మా అమ్మ అక్కడే మంచాన పడి ఉంది. రాయి మాత్రం మా అమ్మ కోసం కుంగలేదు."

మధ్యాహ్నానికి గాలి లేచింది. ఆర్డరు రాలేదు. రాయిని ఏటేటా సరిచూడాలని రూలు. ఆరేళ్లుగా ఆ పని వాయిదా వేసిన కాగితాల మీద ఆఫీసరు సంతకం కింద తన సంతకమూ ఉంది. అది ముల్లులా గుచ్చుతుంటే, ఎర్ర రంగు డబ్బా పట్టుకుని వెళ్లి పుట్టింటి గోడ మీదే గీత మొదలుపెట్టింది.

"ఏమమ్మోయ్ ఆడపడుచా! సున్నం వేసి నెల కాలేదు, నా గోడే దొరికిందా?" వదిన గయ్యిమంది.

"నీళ్లు ఇంతదాకా వస్తాయొదినా."

"మా వీధికేం భయం లేదన్నది నువ్వేగా?"

"అన్నాను. తప్పు చెప్పాను."

పక్కింటి వలల మేస్త్రి పకపకా నవ్వాడు. "కొలతలమ్మకే కొలత తప్పితే ఇక మా గతేం కానూ!"

ఆమె గీతను గడప దాటించి, అమ్మ మంచం పక్క గోడ దాకా లాగింది. అది పరుపుకు బెత్తెడు పైనుంచి పోయింది. మేస్త్రి నవ్వు నోట్లోనే ఉండిపోయింది.

"తలవైపు నువ్వు పట్టు మేస్త్రీ," అంది వదిన కొంగు బిగిస్తూ.

మంచం ముందు, వీధంతా వెనక, గుట్ట మీది బడికి నడిచారు.

నీళ్లు తీశాక చూస్తే గోడ మీద బురద చార ఎర్రగీతకు రెండు వేళ్ల పైన ఉంది. మ్యాపు దిద్దమని ఆఫీసరు కబురు పెట్టాడు.

"మనిద్దరం సంతకం చేసిన వాయిదా కాగితాలు ముందు వీధివాళ్లకు చదివి వినిపిద్దాం సార్," అంది కొలతలమ్మ. "తర్వాత దిద్దుతాను."