నా కొడుకు గీత పెట్టిన సెన్సారు

సాలూరులో కార్లు బాగుచేసే మా పెద్దోడు పోయాడు. కామెర్లు ముదిరిపోయి ఆసుపత్రిలో కన్నుమూశాడు. మీలో కొందరి బళ్ళకి వాడు పనిచేసే ఉంటాడు, అందుకే రాస్తున్నాను. నేను పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే సర్దుకోండి. ఏడుపు ఉంది. కానీ దానికంటే అసహ్యం ఎక్కువగా ఉంది.

షెడ్డుకి వాడి క్యారేజీ నేనే పట్టుకెళ్ళేదాన్ని. ఒకరోజు ఎంత పిలిచినా బోనెట్లోంచి తల తీయలేదు. వేడెక్కితే ఆగిపోయి, మళ్ళీ స్టార్టు కాని కారు అది.

"తినరా, సల్లారిపోతంది."

"ఉండమ్మా. ఇలా రా, సూడు. ఇంజినులోన ఓ ఇరుసు తిరుగుతాది. కామ్‌షాఫ్టంటారు. అదెక్కడిదాకా తిరిగిందో ఈ సెన్సారు సెప్తాది. ఇది సచ్చిపోతే ఇంజినుకి ఏటీ తెలీదు."

"బొటనేలంత లేదు, దీనికే అంత బండి ఆగిపోద్దేటి?"

"నువ్వలిగితే మనిల్లు ఆగిపోదేటి? అలాగే!"

ముందు బ్యాటరీ వైరు ఊడదీశాడు. ఇంజిను పైమూత చివర వేళ్ళతో తడిమి చోటు పట్టాడు. వైర్ల ప్లగ్గు నొక్కి లాగి, ఒక్క బోల్టు విప్పి, సెన్సారుని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి తీశాడు. కొత్తదాని రబ్బరు రింగుకి కాస్త ఇంజినాయిలు రాసి కూర్చోబెట్టాడు. "గుద్దకూడదమ్మా, దానంతటదే దిగాల" అన్నాడు.

ఆ తర్వాత ఆకురాయితో పాత సెన్సారు మీద అడ్డంగా రెండు గీతలు, కత్తెరలాగ, గీసి కారాయన చేతిలో పెట్టాడు. "ఇది సచ్చింది బాబూ. ఎవుడూ మళ్ళీ కొత్తదని అమ్మకుండా గీసేసినాను." ఎవరి బండికి చేసినా అంతే. కొందరు మాత్రం దాన్ని అక్కడే పారేసి పోయేవారు.

షెడ్డు యజమానిని మావా అనేవాడు మావోడు. ఆయన నన్ను అక్క వరసలో అప్పా అనేవాడు. కానీ ఆయనకి ఈ గీతలంటే మంట. "ఒరే, నా యాపారం మీద గీత్తన్నావురా" అనేవాడు.

"సచ్చినదాన్ని బతికున్నాదని అమ్ముతావేటి మావా?" అని మావోడు నవ్వేవాడు.

పెద్దకర్మ అయ్యిందో లేదో, షెడ్డు మీద మావోడి ఫొటోతో ఫ్లెక్సీ వెలిసింది. 'అదే పనితనం, అదే నమ్మకం' అని రాయించాడు యజమాని. అభిమానమే అనుకుని చీరచెంగుతో కళ్ళు తుడుచుకున్నాను. పిచ్చిదాన్ని.

తర్వాత శృంగవరపుకోట టాక్సీ డ్రైవరు ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. "మీవోడి ఫొటో సూసి ఆ షెడ్డుకెళ్ళినానమ్మా. కొత్త కామ్ సెన్సారని ఏసినారు. ఘాటీలో మలుపు మజ్జిన బండి ఆగిపోనాది. బండినిండా పిల్లలు, ఎనకాల లారీ." ఇంకోచోట దాన్ని విప్పించాడట. నల్లరంగు పూసి ఉంది. గీకితే కింద కత్తెర గీతలు.

"తప్పుగా అనుకోకమ్మా. మీవోడూ ఇలాగే సేసీవోడా?"

"ఇది సచ్చిందని గీసినోడు నా కొడుకు బాబూ. బతికించి అమ్మినోడు ఏరే. పద."

షెడ్డులో యజమాని సెంటుతో ఘుమఘుమలాడిపోతూ, కిళ్ళీ నములుతూ కూర్చున్నాడు. సెన్సారు చూపిస్తే కళ్ళయినా దించలేదు.

"సిన్న ఇసయం అప్పా. పెట్రోలుతో కడిగితే కొత్తదే గదా! కూకో, కూల్‌డ్రింకు తాగు."

"నీ సేతి నీళ్ళు తాగితే డోకొస్తాది నాకు. నిచ్చెనెయ్యి."

"నిచ్చెనెందుకప్పా?"

"నా కొడుకుని దించుతాను."

కిళ్ళీ ఉమ్మేసి నవ్వాడు. ఆ ఎర్రటి నోరు, ఆ సెంటు వాసన తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు. మావోడి చేతుల గ్రీజు కంపుకి రోజూ విసుక్కునేదాన్ని. అది శుభ్రమైన వాసన.

నిచ్చెన డ్రైవరే ఎక్కి తాళ్ళు కోశాడు. ఫొటోలో మావోడి మొహం లోపలికి ఉండేలా ఫ్లెక్సీ చుట్టి, టాక్సీలో ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంటి దగ్గర దిగాక డ్రైవరు ఆ పాత సెన్సారు నా అరచేతిలో పెట్టాడు, మావోడు పెట్టినట్టే.

రంగు సగమే పోయింది. అరుగు మీద కూర్చుని మిగతాది గోటితో గీకుతున్నాను. ఒక గీత పూర్తిగా బయటపడింది. రెండోది ఇంకా నల్లరంగు కిందే ఉంది.