లచ్చక్కకిచ్చిన నారు

నవ్వుతూ అన్న ఒక్క మాట ఇన్నేళ్లుగా గుండె మీద బరువై కూర్చుంది. నా పేరు అడగకండి. విని ఊరుకుంటే చాలు.

కేసముద్రం వైపు మా ఊళ్లో నన్ను నేలవైద్యుడంటారు. మన్ను నాలుక మీద వేసుకుని రోగం చెప్పేస్తాననీ, ఊరి పొలాలన్నీ నేనే బాగుచేశాననీ ప్రచారం. ప్రచారం చేసింది నేనే. బాగుపడింది నా పొలం ఒక్కటే. అదీ సేద్యం సలహాలిచ్చే సర్కారు గ్రామసేవకుడు చెబితేనే.

డెబ్బైల చివర్లో ఒక వానాకాలం. నా రెండు నారుమళ్లలో ఒకదాంట్లో నారు పీకి చూస్తే వేళ్ల చివర్లు కొక్కేల్లా వంగి, బుడిపెలు కట్టాయి. కంటికి కనబడని నులిపురుగులన్నాడు గ్రామసేవకుడు. వరి మీద వరి వేస్తే పెరుగుతాయి, యాసంగికి నువ్వులు వేస్తే తిండిలేక తగ్గుతాయి. ఆ మడిలో నారు ఎవరికీ ఇవ్వొద్దన్నాడు.

అప్పటికే ఇచ్చేశానా? అలా చెప్పాలనే ఉంది. కాదు, మర్నాడు ఇచ్చాను. నారు ఎండిపోయిందని పక్క పొలం లచ్చక్క వస్తే, ఇంత మంచి నారు ఊళ్లో లేదని గొప్పలు చెప్పి మరీ ఇచ్చాను. నా మడికి రోగమంటే పరువేం కాను? నాకు మాత్రం రెండో మడిలోని మంచి నారు ఉంచుకున్నాను.

లచ్చక్కది మంచి హస్తవాసి అని పేరు. ఎవరి పొలంలోనైనా మొదటి నారు ఆమె నాటాల్సిందే. ఆ పేరే ఆమెకు కూలి తెచ్చేది.

నెల తిరిగేసరికి ఆమె వరి గిడసబారి పసుపు రంగుకు తిరిగింది. కూలోళ్లందరి ముందూ అడిగింది.

"తమ్మీ, నారు నీదే గదా. నాదెందుకు గిట్లయితాంది?"

"నారుకేమైందక్కా? నీ హస్తవాసే మారినట్టుంది. జర మా మడిల చెయ్యి వెట్టకు తల్లీ!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బతికిపోయాననుకున్నాను.

తర్వాతి నాట్లకు ఆమెను ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు. నువ్వులు వేసిన నా నేల కుదుటపడింది, వరి మీద వరి వేసిన ఆమె నేల ఇంకా చెడింది. నువ్వులెయ్యక్కా అని చెప్పడానికి గట్టు దాటితే చాలు. ఎందుకు దాటలేదు? చెబితే నారు సంగతి అడుగుతుందని, అడిగితే నా ముఖం చూసే కనిపెడుతుందని, అంతకంటే ఆమె చెయ్యి చెడ్డదవడమే నాకు నయమని.

ఎనభైల్లో పొలం కౌలుకిచ్చి, పవర్‌లూమ్ దగ్గర కండెలు చుట్టే పనికి వరంగల్ వెళ్లిపోయింది. కూతురి పొలంలో నాట్లప్పుడు వచ్చినా గట్టు మీదే కూర్చునేదట. నారు ముట్టేది కాదట. తన చెయ్యే చెడ్డదని నమ్ముతూనే పోయింది.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెప్పాను. రోగం నారుకే ఉంది. తెలిసే ఇచ్చాను.