సమూయేలును ఎవరైనా అడిగారా

2022 జూలై. ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక పల్లెలో మా సంఘానికి రేకుల కప్పు వేసిన చిన్న మందిరం ఉంది. అక్కడ నేను బైబిల్ ఉమన్‌ని. అంటే పాస్టరుని కాదు, వేదిక ఎక్కి ప్రసంగం చెయ్యను. ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడి ప్రార్థన చెయ్యడం, ఆదివారం పిల్లలకు సండే స్కూల్ చెప్పడం నా ఉద్యోగం. అప్పటికి ఇరవై నాలుగేళ్లుగా చేస్తున్నాను. శ్రీకాకుళంలో మొదటి బస్సు ఎక్కి, దిగి ఆటో పట్టుకుని, చివర ఇసకలో నడవాలి. మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. నడక మాత్రం తగ్గలేదు.

సండే స్కూల్లో పన్నెండు నుంచి పదిహేనేళ్ల పిల్లలను సీనియర్స్ అంటాం. ఆ తరగతి తీసుకోవడానికి ఎవరూ ముందుకు రారు. చిన్నపిల్లలు పాడమంటే పాడతారు, సముద్రం రెండుగా చీలిందంటే నోరు తెరిచి వింటారు. పెద్దపిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు. ఉన్నట్టుండి ఒకరు ప్రశ్న వేస్తారు. జవాబు మన దగ్గర లేదని మనకంటే ముందు వాళ్లకు తెలిసిపోతుంది. ఏటేటా ఆ తరగతి నాకే వచ్చేది.

ఆ ఆదివారం పాఠం హన్నా కథ. నిద్రలో లేపినా చెప్పగలను. పిల్లలు లేని హన్నా మందిరంలో ఏడ్చి, కొడుకు పుడితే నీకే ఇచ్చేస్తానని దేవుడికి మాటిస్తుంది. సమూయేలు పుడతాడు. పాలు మానగానే తీసుకెళ్లి, ఏలీ అనే ముసలి యాజకుడి దగ్గర మందిరంలో వదిలి వస్తుంది. ఆ తర్వాత ఏడాదికోసారి చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్తుంది. గుడ్డ చుట్టిన బోర్డు మీద కాగితం బొమ్మలు అంటిస్తూ కథ చెబుతాం, దాన్ని ఫ్లానెల్‌గ్రాఫ్ అంటారు. నా బొమ్మలు అంచులు చిరిగిపోయాయి. నా చెప్పడమూ అలాగే ఉంది. నోరు కథ చెబుతుంటే మనసు తిరుగు బస్సు మీద ఉంది.

తల్లి త్యాగం గురించి నాలుగు మాటలు చెప్పి, కంఠత వాక్యం, అంటే ఆ వారం బట్టీ పట్టాల్సిన వచనం రాయించబోతున్నాను. వెనక వరసలోంచి సమర్పణ అనే అమ్మాయి అడిగింది.

"టీచర్, సమూయేలుని ఎవులైనా అడిగారా?"

"ఏమని అడగాలమ్మా?"

"నువ్వక్కడుంటావా అని."

ముందు వరసల్లో పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. "పాలు మానినోడంటే మూడేల్లుంటాయేమో. ఆల్లమ్మ ఎలిపోతంటే ఏడిసుంటాడు గదా. ఏడాదికోసారి సొక్కా తెస్తే సరిపోద్దేటి?"

"బైబిల్లో ఆ సంగతి రాయలేదమ్మా" అన్నాను. ఎన్నోసార్లు నన్ను గట్టెక్కించిన జవాబు అది.

"మరి మీకేటనిపిస్తాది?"

అంతలో ఆరాధన గంట కొట్టారు. బతికిపోయాననుకున్నాను.

బస్సెక్కి కూర్చున్నాక అసలు సంగతులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సమర్పణ తండ్రి సముద్రం మీద చేపల వేటకు వెళ్తాడు. తల్లి పోలమ్మ చుట్టుపక్కల ఊళ్లలో చేపలు అమ్ముతుంది. ఆ ఇంట్లో మొదట మందిరానికి వచ్చింది పోలమ్మ ఒక్కతే. ఇద్దరు బిడ్డలు పుట్టి పోయాక మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు నేనే ఆమె ఇంటికి వెళ్లేదాన్ని. గుమ్మంలో కూర్చుని ఆమెకు హన్నా కథ చెప్పింది నేనే. "అలగైతే నానూ ఇచ్చెత్తాను" అంది పోలమ్మ. నేను సంతోషించాను. ఆ నెల రిపోర్టులో రాశాను కూడా. బిడ్డ బతికింది. సమర్పణ అని పేరు పెట్టమన్నదీ నేనే.

మరుసటి ఆదివారం తరగతి అయ్యాక ఆ అమ్మాయి ఆగింది. అప్పుడు తను పదో తరగతిలో ఉంది.

"పది అయిపోనాక నన్ను బైబిల్ ట్రైనింగుకి పంపెత్తారంట. ఆ హాస్టల్లోనే ఉండిపోవాలంట. పాస్టరుగోరు సీటు మాటాడీసారంట."

"నీకు ఇష్టం లేదా? ఇంటర్ చదవాలని ఉందా?"

"అదీ తెల్దు టీచర్. ఏటి సెయ్యాలో నాకింకా తెల్దు. కానీ నన్నెవులూ అడగనేదు. నా పేరెట్టి పిలిసినప్పుడల్లా ఇచ్చీసిన వస్తువుని పిలిసినట్టుంటాది."

పాస్టరుగారితో చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. అక్కడ తిండికీ చదువుకీ లోటుండదు, పిల్ల దేవుడి పరిచర్యలో స్థిరపడుతుందని నమ్మే ఏర్పాటు చేశారు. "పిల్ల మాట పట్టుకుని తల్లి విశ్వాసాన్ని కదపకండమ్మా" అన్నారు. కాదనడానికి నాకు ఓపిక లేదు. కానీ ఆ అమ్మాయి మాట నన్ను వదల్లేదు. బుధవారం పొద్దున్న పోలమ్మ ఇంటికి వెళ్లాను.

ఇంటి ముందు ఇసకలో వల పరిచి, దాని మీద నెత్తళ్లు ఎండబెడుతోంది పోలమ్మ. పక్కన కూర్చుని, పంపేముందు పిల్లని ఒక మాట అడిగితే బాగుంటుందన్నాను. ఆమె చేతులు ఆగలేదు.

"ఆ కత నువ్వే గదా సెప్పినావు, టీచరమ్మా."

"చెప్పాను. సగమే చెప్పాను."

"మిగతా సగం ఇన్నేల్లకి గేపకమొచ్చిందా?" చేపలు తిరగేస్తూనే అంది. "ఇద్దరు పోనారు. ఇది నిలిసిందంటే ఆ మాట వల్లే. ఇప్పుడు మాట తప్పితే, దీనికేటైనా అయితే, నువ్వు తెచ్చిత్తావా?"

దేవుడు అలాంటివాడు కాదని చెప్పొచ్చు. కానీ మాటిస్తే నిలబెట్టుకోవాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పినదాన్ని నేనే. ఆ మనిషి భయంలో నేను వేసిన విత్తనం ఉంది. అంతలో సమర్పణ కుళాయి దగ్గర్నుంచి బిందెతో వచ్చింది. ఆ రోజు బడికి సెలవు.

"పోలమ్మా, ఆ మిగతా సగం ఒకసారి విను" అన్నాను. పోలమ్మకు చదువు రాదు. నా బైబిల్ తీసి సమర్పణ చేతికిచ్చాను. బడిలో పాఠం చదివినట్టు నిలబడి చదివింది. సమూయేలు మందిరంలో పడుకుని ఉంటే ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. ఏలీ అనుకుని పరుగెత్తుతాడు. నేను పిలవలేదు, పోయి పడుకో అంటాడు ఏలీ. రెండోసారీ అంతే. మూడోసారికి, పిలుస్తున్నది దేవుడని ఏలీకి అర్థమై, మళ్లీ పిలిస్తే పలకమని చెబుతాడు.

పోలమ్మ చేతులు ఆగాయి. "మల్లీ సదువు" అంది. సమర్పణ మళ్లీ చదివింది.

"మూడుమాట్లు పిలిసినా ఈడికి తెలవనేదా?"

"నేదమ్మా."

"దేవుడు కోప్పడ్డాడేటి?"

"నేదు. మల్లీ వొచ్చి పిలిసాడు."

"ఆల్లమ్మ ఇచ్చీసింది గదా. మరి పిలవడమెందుకు?"

ఈసారి నా దగ్గర జవాబు ఉంది. అయినా సమర్పణ వైపు చూశాను.

"ఆడి పేరెట్టే పిలిసాడమ్మా" అంది సమర్పణ. "ఆల్లమ్మ పేరెట్టి కాదు."

పోలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "నానియ్యాల్సింది నానిచ్చీసాను. ఆయన పిలిస్తే అదే ఎల్తాది. పిలవకపోతే నానేటి సేత్తాను." తర్వాత కూతురి వైపు తిరిగింది. "ఒసే, నీకేటి కావాలే?"

"తెల్దమ్మా."

"ఇంత గొడవ సేసి తెల్దా?" అని పోలమ్మ నెత్తళ్ల గంప ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

హాస్టల్ సీటు వద్దని పోలమ్మ పాస్టరుగారికి చెప్పేసింది. అక్కడితో అంతా చక్కబడలేదు. ఆ అక్టోబరులో సమర్పణకు డెంగీ వచ్చింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చారు. పోలమ్మ కబురు పెడితే వెళ్లాను. ఆమె మంచం అవతల నిలబడి నా ముఖమే చూసింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఎన్నో మంచాల పక్కన ప్రార్థన చేశాను. మాటలు ఎప్పుడూ వాటంతట అవే వచ్చేవి. ఆ రోజు ఒక్క మాటా రాలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఐదు రోజులు అలాగే వెళ్లి వచ్చాను.

ఆరో రోజు జ్వరం దిగింది. ఆసుపత్రి మెట్ల మీద పోలమ్మ నా పక్కన కూర్చుంది.

"మాట తప్పినందుకేననుకున్నాను" అంది. "నువ్వూ అనుకున్నావు గదా?"

"అనుకున్నాను" అన్నాను. అబద్ధం చెప్పే సత్తువ కూడా లేదు.

ఆమె తల ఊపింది. కోపగించుకోలేదు. నన్ను ఆటో దాకా సాగనంపింది.

కొత్త సంవత్సరంలో పాస్టరుగారు సీనియర్స్‌ని వేరే టీచరుకిచ్చి, నన్ను చిన్నపిల్లల తరగతికి మార్చారు. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. సమర్పణ శ్రీకాకుళంలో ఇంటర్ చదివి, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. సండే స్కూల్ మానేసింది. ఎప్పుడైనా ఆరాధనకు వచ్చి వెనక కూర్చుని, అందరికంటే ముందు లేచి వెళ్లిపోతుంది. తనకు పిలుపు వినిపించిందో లేదో నాకు తెలియదు.

ఒక కథను అన్నేళ్లు తల్లి పక్కన నిలబడే చెప్పాను. వింటున్నవాళ్లు పిల్లలని గమనించలేదు. ఇన్నేళ్ల పనిలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది అదొక్కటే. ఇప్పటికీ బిడ్డను దేవుడికి ఇస్తామని తల్లులు ముందు నా దగ్గరికే వస్తారు. వద్దనను. "ఇవ్వండి. పెద్దయ్యాక తననీ అడుగుదాం" అంటాను. కొందరికి ఆ మాట నచ్చదు, బిడ్డను ఎత్తుకుని వేరే మందిరానికి వెళ్లిపోతారు. ఉండిపోయినవాళ్ల బిడ్డను చేతుల్లోకి తీసుకుని, మొదట ఆ బిడ్డను పేరు పెట్టి పిలుస్తాను. ప్రార్థన ఆ తర్వాతే.