ఎగువ వీధి వాల్వు

అతన్ని ఊరంతా నీళ్ళాయన అనేవారు. మునిసిపాలిటీ రిజిస్టర్లో వాల్వు ఆపరేటర్ అని ఉండేది గానీ, ఆ మాట రిజిస్టరు దాటి ఏనాడూ బయటికి రాలేదు. పందొమ్మిదేళ్ళపాటు తెల్లవారకముందే ట్యాంకు దగ్గరికి వెళ్ళి, నాలుగు వాల్వులు తిప్పి, నాలుగు వైపులకూ నీళ్ళు వదిలాడు. చలి తగ్గుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం భోంచేసి చెయ్యి కడుక్కుంటూ కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు చెప్పబోయేది అతని భార్య సంగతి.

ఆమె ఐదో తరగతితో పలక పక్కన పెట్టేసిన మనిషి. మాట బహు తక్కువ. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు, "ఒరేయ్, ఈ పిల్లకి నాలుగు మాటలు కొనిపెట్టరా, ఇంట్లో ఉందో లేదో తెలియడం లేదు" అని కొడుకుతో హాస్యమాడేది. పిల్లలు కలగలేదు. ఎగువ వీధిలో రెండు గదుల ఇల్లు, ముందు నాలుగు మెట్లు. భర్త పోయాక ఆ ఇంట్లో ఆడవాళ్ళిద్దరే మిగిలారు. ఒకరు ఏడుస్తుంటే ఇంకొకరు వంటింట్లోకి వెళ్ళిపోవడం, వంతులేసుకున్నట్టు అలా జరిగిపోతూ ఉంది.

నీళ్ళాయన పోయిన వారానికే ఎగువ వీధి కుళాయిల్లో ధార సన్నబడింది. రెండో వారానికి కుళాయి తిప్పితే ముసలి పిల్లి గురక పెట్టినట్టు గాలి వచ్చేది, అంతే. మిగతా ఊరికి మాత్రం నీళ్ళు దర్జాగా వస్తున్నాయి. ఎగువ వీధిలో నలభై రెండు ఇళ్ళు. ఆడా మగా బిందెలూ బకెట్లూ పట్టుకుని దిగువకి వెళ్ళి, అక్కడివాళ్ళ గుమ్మాల ముందు నిలబడి అడుక్కున్నట్టు పట్టుకుని, ఎత్తు ఎక్కి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

కొత్తగా వాల్వుల పని అప్పగించింది పార్కులో మొక్కలు పెంచే మనిషికి. అందుకని అతన్ని అందరూ పూలాయన అన్నారు. చెడ్డవాడు కాదు. ట్యాంకు దగ్గరికి వచ్చి, నాలుగు వాల్వులూ బార్లా తెరిచి, ఐదు నిమిషాల్లో పని ముగించుకుని పార్కుకి వెళ్ళేవాడు. ఎంత ఎక్కువ తెరిస్తే అంత ఎక్కువ నీళ్ళు వస్తాయనుకున్నాడు పాపం. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఇంజనీరు ఒకసారి వచ్చి, ఎత్తు చూసి, పల్లం చూసి వెళ్ళిపోయాడు. రాబోయే సోమవారం కౌన్సిల్ సమావేశంలో ఎగువ వీధి లైను మూసేసి, వారానికి రెండుసార్లు ట్యాంకరు పంపే తీర్మానం పెడుతున్నారని తెలిసింది. దాంతోపాటు ఇంజనీరు అన్న మాట కూడా నోటానోటా పడి మెట్లెక్కి ఇంట్లోకే వచ్చింది.

"లెవెల్ ప్రకారం ఆ వీధికి నీళ్ళు ఎక్కవు. ఇన్నేళ్ళూ ఎక్కాయంటే, ఆ పోయినాయన కింద వీధుల నోరు కొట్టి సొంత వీధికి పెట్టుకున్నాడన్నమాట!"

ఆ మాట విన్నప్పుడు ఆమె బట్టలు మడత పెడుతోంది. మడిచిన చొక్కానే విప్పి మళ్ళీ మడిచింది. భర్త చొక్కా అది. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

అసలు సంగతి ఏమిటంటే, నీళ్ళాయనకి రెండేళ్ళ కిందటే మోకాళ్ళు పట్టేశాయి. వాల్వు గుంట మీద వంగి, ఇనుప తాళంచెవితో బలంగా తిప్పడం అతని వల్ల కాలేదు. ఆ సంగతి ఆఫీసులో తెలిస్తే పక్కన పెట్టేస్తారని భయం. అందుకని టిఫిను డబ్బా పట్టుకుని భర్త వెంట వెళ్తున్నట్టు ఆమె రోజూ వెళ్ళింది. తిప్పింది ఆమే. అతను పక్కన అరుగు మీద కూర్చుని, ఒక ఇనుప చువ్వ కొసని వాల్వు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, గొట్టంలో నీళ్ళు ఏం చెబుతున్నాయో వినేవాడు. "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆపు. అర తిప్పు వెనక్కి రా" అనేవాడు. కొన్నాళ్ళకి చువ్వ ఆమెకే ఇచ్చి, "నువ్వు విని చెప్పు, చూద్దాం" అన్నాడు. ఆమె తప్పు చెబితే నవ్వేవాడు. ఆరు నెలలకి నవ్వడం మానేశాడు, నవ్వడానికేమీ దొరక్క.

ఇంజనీరు మాట విన్న మర్నాడు ఆమె ట్యాంకు దగ్గరికి వెళ్ళి, పూలాయన చేతిలో ఒక చీటీ పెట్టింది. ఏ వాల్వు ఎన్ని తిప్పులో దాని మీద అంకెలు.

"అన్నయ్యా, మా ఆయన ఇలా తిప్పేవాడట. ఒకసారి చూడరాదూ?"

"అలాగే చెల్లెమ్మా. నాకూ ఆ వీధివాళ్ళ తిట్లు తినీ తినీ కడుపు నిండిపోయింది."

మొదటి రోజు ఎగువ వీధికి అరగంట నీళ్ళు వచ్చాయి. జనం పండగ చేసుకున్నారు. రెండో రోజు మళ్ళీ గాలే. ఎందుకో ఆమెకి తెలుసు. ట్యాంకు నిండుగా ఉన్న రోజు ఒక లెక్క, సగమే ఉన్న రోజు ఇంకో లెక్క. కాగితం మీద అంకె నిలబడుతుంది గానీ నీళ్ళు నిలబడవు. రోజూ అక్కడ నిలబడి వినే మనిషి కావాలి. ఆ వినడం వచ్చిన మనిషి ఊళ్ళో ఇప్పుడు ఒక్కరే ఉన్నారు.

ఆ సాయంత్రం ఆమె అత్తగారి ముందు కూర్చుని అంతా చెప్పింది. అన్ని మాటలు ఒక్కసారి ఆమె నోటినుంచి రావడం ఆ ముసలావిడ ఎరగదు.

"నాకెందుకు చెప్పలేదే?"

"మీరు బాధపడతారని ఆయనే వద్దన్నారు అత్తయ్యా."

"బాధపడతానని నాకు చెప్పలేదు. ఇప్పుడు ఊరందరికీ చెబుతావు! పని చెయ్యకుండా రెండేళ్ళు కూర్చున్నాడని పోయినవాణ్ణి నిలబెట్టి తిట్టిస్తావా? పెన్షన్ కాగితాలు ఇంకా వాళ్ళ బల్ల మీదే ఉన్నాయి, తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ వెళ్తావా?"

"వెళ్ళకపోతే దొంగ నీళ్ళు పెట్టాడన్న మాట ఉండిపోతుంది అత్తయ్యా. లైను మూసేస్తే ఇక అది అబద్ధమని చూపించడానికి ఏమీ ఉండదు."

ముసలావిడ గోడవైపు తిరిగి పడుకుంది. కానీ సోమవారం పొద్దున కోడలు స్నానం చేసి వచ్చేసరికి, నీలం చీర ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టి ఉంది.

కౌన్సిల్ హాలు పెద్దదేం కాదు. గుర్రపు నాడాలా వంచిన బల్ల, మధ్యలో మైకులు, వాటిలో సగం పనిచేయవు. చైర్‌పర్సన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సభ్యుల్ని ఇప్పటికీ మూడో తరగతి పిల్లల్లాగే చూస్తుంది. ఎగువ వీధి అంశం రాగానే వెనక వరసలోంచి ఆమె లేచి నిలబడింది.

"ఎవరమ్మా? నీళ్ళాయన భార్యవి కదూ? పెన్షన్ సంగతైతే ఇక్కడ కాదు, గుమాస్తా దగ్గరికి వెళ్ళు."

"పెన్షన్ కాదండీ. నీళ్ళ సంగతి." "రెండేళ్ళ నుంచి వాల్వులు తిప్పింది మా ఆయన కాదండీ. నేను."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఆమె చీర కొంగు గుప్పిట్లో బిగించి పట్టుకుని, మోకాళ్ళ సంగతీ, చువ్వ సంగతీ, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

ఇంజనీరు ముందుకి వంగాడు. "మేడమ్, ఇది చిన్న విషయం కాదు. ఉద్యోగి కాని మనిషి వాల్వుల మీద చెయ్యి వేసింది. ఆ ఉద్యోగి దాచిపెట్టాడు. దీని మీద రిపోర్టు రాయాలి."

దిగువ వార్డు సభ్యుడు కిరాణా కొట్టు యజమాని. అతనూ లేచాడు. "అంటే మొగుడూ పెళ్ళాం కలిసి మా నీళ్ళు పైకి మళ్ళించారన్నమాట!"

"కూర్చోండి," అంది చైర్‌పర్సన్. "ఈ రెండేళ్ళలో మీ ఇంటికి నీళ్ళు రాని రోజు ఒకటి చెప్పండి."

కొట్టాయన నీళ్ళు నమిలాడు. "రాని రోజంటూ... లేదనుకోండి. కానీ..."

"కానీ సంగతి రేపు పొద్దున చూద్దాం. ఐదున్నరకి అందరం ట్యాంకు దగ్గరుండాలి. రానివాళ్ళ పేర్లు రాసుకుంటాను. అమ్మాయ్, నువ్వు చెప్పింది చేసి చూపించగలవా?"

"చూపిస్తానండీ," అంది. అన్నాక భయమేసింది. అతను లేకుండా ఒక్కసారి కూడా చువ్వ చెవికి పెట్టుకోలేదు.

మంగళవారం ఐదున్నరకి ట్యాంకు కింద నాలుగు గుంటల చుట్టూ జనం. చైర్‌పర్సన్ శాలువా కప్పుకుని వచ్చింది. ఇంజనీరు చేతి గడియారం చూసుకుంటున్నాడు. కొట్టాయన ఫోను పట్టుకుని నిలబడ్డాడు, ఇంట్లో కుళాయి దగ్గర భార్యని కాపలా పెట్టి.

"అన్నయ్యా, ముందు నాలుగోది పూర్తిగా తెరువు. అది ఎగువ వీధిది. మిగతావి ముట్టుకోవద్దు."

పూలాయన తిప్పాడు. ఆమె చువ్వ ఆనించి చెవి పెట్టింది. ఏమీ వినపడలేదు. తన గుండె కొట్టుకోవడమే వినపడుతోంది, అదీ పక్కింట్లో దంచుతున్నట్టు. కళ్ళు మూసుకుంది. పక్కన అరుగు ఖాళీగా ఉందని చూడకుండానే తెలుస్తోంది. ఊపిరి బిగపట్టింది.

ఐదు నిమిషాలు గడిచాయి. పది.

"ఏమ్మా?" అన్నాడు ఇంజనీరు.

ఆమె చెయ్యెత్తి ఆగమంది. అప్పటికి వినపడటం మొదలైంది. మొదట పొడినేల మీద చీపురుతో ఊడ్చినట్టు ఒక గరగర. అది గాలి, నీళ్ళు తోసుకుంటూ పోతున్న గాలి. ఎత్తు ఎక్కినకొద్దీ అది సన్నబడుతూ సన్నబడుతూ, ఉన్నట్టుండి ఆగిపోయి, దాని చోట మూసిన నోటితో జోల పాడినట్టు నిండైన మోత వచ్చింది.

"నిండింది," అంది. "ఇప్పుడు మొదటిది తిప్పు అన్నయ్యా. మెల్లగా. ఇంకొంచెం... ఇంకొంచెం... ఆపు. అర తిప్పు వెనక్కి రా."

ఆ మాటలు తన నోటినుంచి వస్తుంటే ఆమెకే వింతగా ఉంది. ఒక వాల్వు తెరిచినప్పుడల్లా నాలుగో గొట్టంలో మోత పలచబడుతుంది. మరీ పలచబడేలోపు ఆపాలి. ఎక్కువైతే వెనక్కి రావాలి. అంతే విద్య. మూడు వాల్వులూ పూర్తయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది.

కొట్టాయన ఫోను చేశాడు. అవతల గొంతు అందరికీ వినపడింది.

"ఏమే, బకెట్ నిండిందా?"

"నిండింది. రెండోదీ నిండింది. తొట్టీ నిండింది. ఇక మిగిలింది మీ నెత్తే, వచ్చి నిలబడండి, పోస్తాను. పొద్దున్నే ఆ గుంటల దగ్గర మీకేం పని?"

చైర్‌పర్సన్ శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఎగువ వీధి నుంచి కేకలు వినపడ్డాయి. పోట్లాట కేకలే, కుళాయి దగ్గర ఎవరు ముందు అని. ఆ కేకల్లో అత్తగారి గొంతు అన్నిటికంటే పైన ఉంది.

ఇంజనీరు ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని గుంట పక్కన కూర్చుని, "ఆ చువ్వ ఒకసారి ఇలా ఇవ్వమ్మా" అన్నాడు.

చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. "గరగరమంటోంది."

"అది మూడోదండీ. నాలుగోదాని మీద పెట్టండి."

పెట్టాడు. మళ్ళీ విన్నాడు. ముఖంలో బిగువు సడలింది. "లెవెల్ లెక్క తప్పు కాదు," అన్నాడు, ఎవరితోనో వాదిస్తున్నట్టు. తర్వాత గొంతు తగ్గించి, "ఆయన్ని అలా అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

మధ్యాహ్నం మళ్ళీ సమావేశం కూర్చుంది. లైను మూసే తీర్మానం కొట్టేశారు. మూడు నెలలపాటు ప్రయోగంగా నీళ్ళాయన భార్యని వాల్వుల పనికి పెట్టుకోవాలనీ, పూలాయన ఆమె దగ్గర నేర్చుకోవాలనీ, మూడు నెలల తర్వాత చూసి నిర్ణయించాలనీ రాశారు. కొట్టాయన కూడా చెయ్యెత్తాడు, కొంచెం ఆలస్యంగా.

గుమాస్తా కలం ఆపాడు. "మేడమ్, ఆ రెండేళ్ళ సంగతి రాయాలా, వదిలెయ్యాలా?"

చైర్‌పర్సన్ ఆమె వైపు చూసింది. "నువ్వు చెప్పమ్మా. నువ్వు వద్దంటే ఆ సంగతి నేను విననట్టే."

వదిలేస్తే తేలిక.

"రాయండమ్మా. మోకాళ్ళు పట్టేసినా ఒక్క రోజూ ఇంట్లో కూర్చోలేదనీ, చెవితో పని చేశాడనీ అది కూడా రాయండి."

"చెవితో పనా? అది రూల్స్ భాషలో ఎలా రాయమంటారు?" అని గుమాస్తా బుర్ర గోక్కున్నాడు.

"ఆవిడ చెప్పినట్టే రాయి నాయనా," అంది చైర్‌పర్సన్.

ఆమె ఇంటికి వచ్చేసరికి ఇంట్లో నీళ్ళు పట్టని గిన్నె లేదు. గ్లాసులు కూడా నింపి వరసగా పెట్టింది అత్తగారు. కోడలు తీర్మానం కాపీ చదివి వినిపించింది, కూడబలుక్కుంటూ. మోకాళ్ళ మాట దగ్గర ముసలావిడ కళ్ళొత్తుకుంది. చెవి మాట దగ్గర మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివించుకుంది.

"నాకు చెప్పి ఉంటే నేనూ వచ్చి ఆ అరుగు మీద కూర్చునేదాన్ని కదే," అంది. ముక్కు తుడుచుకుంది. "రేపు ఎన్నింటికి లేపాలి నిన్ను?"

"ఐదింటికి అత్తయ్యా."

"నాలుగున్నరకే లేపుతాను. జడ వేసుకోవడానికే నువ్వు అరగంట చేస్తావు."