టిష్యూ పాకెట్ పెట్టిన కుర్చీ

సింగపూర్‌లో, టోవా పాయోలో తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కి నేను భోజనానికి వెళ్లేసరికి మధ్యాహ్నం పన్నెండూ నలభై. ఒక బల్ల దగ్గర రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఒకదాని మీద టిష్యూ పాకెట్ ఉంది. "ఎవరో మర్చిపోయినట్టున్నారు," అని గొణుక్కుంటూ దాన్ని తీయబోయాను.

"మర్చిపోలేదు ఆంటీ, చోప్ చేశాను. పాకెట్ ఉంటే ఎవరికోసమో ఆపినట్టు. మీరు ఇటు కూర్చోండి," అంది బల్లకి అటువైపు కూర్చున్న అమ్మాయి తెలుగులోనే.

కాకినాడ పిల్ల. ఇక్కడి యూనివర్సిటీలో ఒక ఇటలీ కవి ప్రేమ సానెట్ల మీద పరిశోధన చేస్తోంది. ఆ కవి జీవితమంతా ఒకే స్త్రీ కోసం పద్నాలుగేసి పాదాల పద్యాలు రాస్తాడట. ఆమె మాత్రం బదులివ్వదట.

"ఇంతకీ ప్రేమ సంగతి ఆవిడకి నేరుగా చెప్పాడా?" అని అడిగాను.

"చెప్పేస్తే అన్ని పద్యాలు ఎందుకొస్తాయి ఆంటీ!" అని నవ్వింది.

"మరి ఈ కుర్చీ ఎవరికి?"

"మా డిపార్ట్‌మెంట్‌లో ఒకతనికి. గురువారాలు ఇక్కడే తింటాడు. రమ్మని నేనేం చెప్పలేదు."

అంతలో ట్రేతో ఒక యువకుడు వచ్చాడు. "అతనే," అంది మెల్లగా. ఈ ఊరి పద్ధతి తెలిసినవాడు. పాకెట్ చూసి, ఆమెకు మర్యాదగా తల ఊపి, వేరే చోటు వెతుక్కుంటూ ముందుకెళ్లాడు.

"పిలువమ్మా, వెళ్లిపోతున్నాడు!"

ఆమె స్పూన్ కింద పెట్టింది.

"పిలిస్తే జవాబు చెప్తాడు కదా ఆంటీ. జవాబొచ్చేస్తే వచ్చే గురువారం కుర్చీ ఎవరికి ఆపను?"